మెర్వ్ తుపాకిలో ఎర్రగీత

శుక్రవారం ఉదయం ఆరూ యాభైకి క్రాన్‌బర్న్‌లో రైలెక్కేటప్పటికి నా వీపు మీద తొమ్మిది కిలోల సంచి ఉంది. అందులో బట్టలు రెండు జతలే. మిగతాదంతా ఇనుములో పగుళ్ళు వెతికే సామాను: చిన్న అల్ట్రాసౌండ్ యంత్రం, దాని తీగలు, గొట్టంలోకి దూర్చి చూసే సన్నటి కెమెరా, భూతద్దం, టార్చి. నా ఉద్యోగం అదే. నీళ్ళ పైపులకూ వంతెన దూలాలకూ వేసిన వెల్డింగులు పరీక్షించి, పనికొస్తుందో రాదో రాసి సంతకం పెడతాను. ఈసారి నేను చూడబోయేది మాత్రం తుపాకి గొట్టం.

పది రోజుల ముందు మెర్వ్ ఫోన్ చేశారు. "సూబీ, నీ కళ్ళతో ఒక పని పడింది. కొండల్లోకి రెండు రోజులు రాగలవా?" అన్నారు. నా పేరు సుభాషిణి. సూబీ అని కుదించింది ఆయనే.

మెర్వ్ గురించి చెప్పాలి. పదకొండేళ్ళ క్రితం మా ఆయన రాఘవ వీసా మీద నేనూ ఆస్ట్రేలియా వచ్చాను. అనంతపురంలో లోహశాస్త్రం చదివి, నాలుగేళ్ళు ఉద్యోగం చేసి వచ్చినదాన్ని. ఇక్కడ ఎక్కడికి వెళ్ళినా "లోకల్ ఎక్స్‌పీరియన్స్ ఉందా?" అనేవారు. లేదంటే, చిరునవ్వుతో తలుపు చూపించేవారు. డాండెనాంగ్‌లో ఒక వర్క్‌షాపుకి ఫోర్‌మన్‌గా ఉన్న మెర్వ్ మాత్రం నా కాగితాలు పక్కన పెట్టి, వెల్డింగ్ చేసిన ఒక ఇనుప పలకా టార్చీ నా చేతికిచ్చారు. "ఇందులో ఏం తప్పుందో చెప్పు" అన్నారు. చెప్పాను. "సోమవారం వచ్చెయ్" అన్నారు. ఆ సోమవారం లేకపోతే మా ఇల్లు లేదు, ఈ ఉద్యోగమూ లేదు. అందుకే, ఏం పని అని అడక్కుండానే వస్తానన్నాను. పని సంగతి తరవాత చెప్పారు.

మెర్వ్‌కి ఇప్పుడు డెబ్బై ఆరేళ్ళు. రిటైరయ్యాక విక్టోరియా తూర్పు కొండల్లో, స్విఫ్ట్స్ క్రీక్ దాటాక ఒక చిన్న పొలంలో ఉంటున్నారు. పాతకాలపు తుపాకులు చెయ్యడం ఆయన సరదా. తూటాలతో పేలేవి కావు. గొట్టం మూతిలోంచి తుపాకి మందు పోసి, గుడ్డముక్కలో చుట్టిన సీసపు గుండు దిగగొట్టి పేల్చేవి. అలాంటిదాన్ని ఇరవై ఆరేళ్ళ కిందట స్వయంగా చేశారు. దాని కర్ర భాగం మీద ఆకులూ పూలూ చెక్కింది ఆయన భార్య జోన్. జోన్ పోయి నాలుగేళ్ళయింది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు డెబ్ ఈ మధ్యే వేట లైసెన్సు తీసుకుంది. మొదటి వేట అమ్మ చెక్కిన తుపాకితోనే చెయ్యాలని ఆమె కోరిక. "కొన్నేళ్ళుగా పేల్చని గొట్టం. ఆదివారం డెబ్ చేతికిచ్చే ముందు నువ్వు చూసి సంతకం పెట్టాలి" అన్నారు మెర్వ్.

డాండెనాంగ్‌లో దిగి, ఎనిమిది దాటాక బెయిర్న్స్‌డేల్ రైలెక్కాను. ఆ దారిలో వెళ్ళాలనుకునేవారు సీటు ముందే రిజర్వ్ చేసుకోవాలి. ఎంత దూరమైనా రోజు ఛార్జీ పదకొండు డాలర్ల చిల్లరే. పరీక్షకు కావలసిన రంగు స్ప్రే డబ్బాలు నేను తేలేదు. నిప్పంటుకునే సామాను రైల్లోకి వద్దని, అవి తన షెడ్డులోనే సిద్ధంగా ఉంచుతానని మెర్వ్ చెప్పారు.

పాకెన్‌హామ్ దాటాక పచ్చిక మీద పొగమంచు, అందులో సగం మునిగిన ఆవులు. డబ్బా తెరిచి నిమ్మకాయ అన్నం తింటున్నాను. ఎదుటి సీట్లో నర్సు యూనిఫాం మీద జాకెట్ వేసుకున్న అమ్మాయి తల తిప్పింది.

"అక్కా, తెలుగోళ్ళేనా మీరు? పోపు వాసన పట్టేసిన."

పేరు మౌనిక, ఖమ్మం దగ్గర. సేల్ పట్నంలో వృద్ధాశ్రమంలో పనిచేస్తోంది. మెల్‌బోర్న్‌లో ఫ్రెండ్ దగ్గర రెండు రోజులుండి, మధ్యాహ్నం షిఫ్ట్‌కి తిరిగి వెళ్తోంది. డబ్బా మూతలో సగం అన్నం పెట్టిచ్చాను. నేను ఎక్కడికని అడిగితే ఉన్న విషయం, బ్లాక్ పౌడర్ తుపాకి సంగతి, చెప్పాను.

"బ్లాక్ పౌడర్ అంటే నల్లమందా అక్కా? పోలీసులు పట్టుకోరా?" అంది కళ్ళు పెద్దవి చేసి.

నాకు నవ్వాగలేదు. "ఆ నల్లమందు కాదు తల్లీ. సురేకారం, గంధకం, బొగ్గు కలిపి నూరిన తుపాకి మందు."

"గట్ల చెప్పుండ్రి! నాకైతే హార్ట్‌అటాక్ వచ్చింది. మా ఆశ్రమంలో ఒక తాత ఉన్నడు, రోజూ షూటింగ్ స్టోరీలే. ఇగ నేను కూడ ఒకటి చెప్త ఆయనకి, మా అక్క గన్ ఇన్‌స్పెక్టర్ అని."

సేల్‌లో దిగిపోతూ, వద్దంటున్నా వినకుండా ఒక మాండరిన్ నారింజ నా ఒళ్ళో వేసి వెళ్ళింది.

పదకొండు దాటాక బెయిర్న్స్‌డేల్. అక్కడితో రైలు పట్టాలు ఆఖరు. కొండల మీదికి పనిదినాల్లో రోజుకొక బస్సు ఉంటుంది, అది మధ్యాహ్నం. ఎదురుగా బేకరీలో కూరగాయలు కూరి కాల్చిన 'పై' రొట్టె ఒకటి, టీ ఒకటి తీసుకుని, పార్కు బెంచీ మీద కూర్చున్నాను. బస్సులో నాతో కలిపి అయిదుగురం. బ్రూథెన్ దాటాక రోడ్డు టాంబో నది పక్కనే మెలికలు తిరుగుతుంది. ఒకవైపు రాతిగోడ, ఒకవైపు నీళ్ళు. డ్రైవర్ పెద్దమనిషి, అద్దంలో నన్ను చూసి, "కొత్తా?" అన్నాడు. మెర్వ్ ఇంటికని చెప్పాను.

"ఓ, పొగ తుపాకుల మెర్వ్! చెప్పు ఆయనకి, నిన్న సాయంత్రం వంతెన దగ్గర రోడ్డుకడ్డంగా ఒక సాంబార్ నిలబడింది. బస్సంత ఉంది."

సాంబార్ అంటే మన కణితి. వెనకటి కాలంలో మన దేశాల నుంచే ఓడల్లో తెచ్చి ఇక్కడ వదిలారట. ఇప్పుడు కొండలన్నీ వాటివే.

మూడు గంటలకు స్విఫ్ట్స్ క్రీక్‌లో బస్సు దిగేసరికి మెర్వ్ కర్ర ఊతంగా నిలబడి ఉన్నారు. తుంటి ఎముక అరిగిందట. ముఖం చిక్కిపోయింది. కళ్ళ కింద నల్లగా ఉంది. పక్కన పొడుగాటి ఆవిడ, ఎండకు కందిన ముఖం, నారింజ రంగు పనిచొక్కా. డెబ్. రోడ్లు చదునుచేసే గ్రేడర్ బండి నడుపుతుంది. నలభై నాలుగేళ్ళు. నా సంచి ఒక్క చేత్తో ఎత్తి బండిలో పడేసింది.

"నీ గురించి నాన్న ఎన్నిసార్లు చెప్పాడో! ఆదివారం ఆకాశం తేటగా ఉంటుందట. నువ్వు 'సరే' అను చాలు, నేను కొండెక్కేస్తా" అంది.

ఊళ్ళో పబ్బు మేడ మీద గది తీసుకున్నాను. రాత్రికి తొంభై అయిదు డాలర్లు. బాత్రూము వరండా చివర. దుప్పట్లు మాత్రం మందంగా ఉన్నాయి, వేడిగాలి హీటర్ కూడా ఉంది. గదిలో కూర్చోగానే రాఘవ ఫోన్.

"ఏమే సుభా, చేరినావా? ఇంతకూ ఆడ జింకను కొడ్తే కేసు పడదా?"

"ఈడ లైసెన్సుంటే పడదంట. నేనేం కొడతాండానా, గొట్టం చూసేదానికి వచ్చినా."

"ఏదైనా గానీ, పేల్చేటప్పుడు నువ్వు దగ్గర్లో నిలబడాకు. మీ చిన్నాన్న సంగతి తెలుసు గదా." అంటూ కూతురికి ఫోనిచ్చాడు. అది ఎప్పటిలాగే ఇంగ్లీషులో, కంగారూలు కనిపిస్తే ఫొటో తియ్యమని ఆజ్ఞాపించింది.

శనివారం పొద్దున తొమ్మిదికి మెర్వ్ షెడ్డులో ఉన్నాను. రేకుల షెడ్డు, కట్టెల పొయ్యి, నూనె వాసన. ఇనుప బీరువా తాళం తీసి ఆయన ఆ తుపాకిని రెండు చేతులతో బయటికి తెచ్చారు.

అంతకు ముందు తుపాకి అందంగా ఉంటుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఎనిమిది పలకల గొట్టం, గోధుమరంగు తిరిగిన ఉక్కు. దాని కింద వాల్‌నట్ కర్ర, ఆ కర్ర నిండా జోన్ చెక్కిన యూకలిప్టస్ ఆకులు, మొగ్గలు. ఒక ఆకుకి పురుగు తిన్న కన్నం కూడా చెక్కింది. గొట్టం కింద మందూ గుండూ దిగగొట్టే కర్ర కడ్డీ ఉంది. మా కదిరి వైపు దాన్ని గజం అంటారు. మెర్వ్‌కి ఆ మాట చెప్తే రెండుసార్లు పలికి చూసుకున్నారు.

"దీని పద్ధతి చాలా సూటి" అన్నారు ఆయన. "కొలత కొమ్ములో మందు కొలిచి మూతిలో పోస్తాం. డబ్బాలోంచి నేరుగా ఎప్పుడూ పొయ్యం. లోపల నిప్పురవ్వ మిగిలుంటే డబ్బా మొత్తం చేతిలో పేలుతుంది. తరవాత తేనెమైనం పట్టించిన గుడ్డ, దాని మీద గుండు. గజంతో మందుని తాకేదాకా నొక్కాలి. మధ్యలో ఖాళీ మిగిలిందా, గొట్టం చీలుతుంది. చివరగా ఇదిగో, ఈ బొడిపె మీద రాగి టోపీ. సుత్తి దాన్ని కొడితే నిప్పు పక్క కన్నంలోంచి లోపలికి పోతుంది. గొట్టం లోపలి మెలి గాడులు గుండుని తిప్పుతూ పంపుతాయి."

"ఒక్కటే గుండు. రెండోది పెట్టేలోగా జంతువు పక్క జిల్లాలో ఉంటుంది. అందుకే దగ్గరికి పోవాలి, నిదానంగా ఉండాలి" అంది డెబ్. ఆమె నియమాలన్నీ పరీక్షకు చదివినట్టు చదివింది. తుపాకి లైసెన్సు వేరు, కణితి వేట లైసెన్సు వేరు, మందు ఉంచుకోవడానికి అనుమతి మళ్ళీ వేరు. పెద్ద కణితికి గుండు లావూ బరువూ చట్టం చెప్పినదానికి తగ్గకూడదు. పొద్దుగూకిన అరగంట తరవాత నుంచి, తెల్లవారే అరగంట ముందు దాకా వేట నిషేధం. పొలం యజమాని ఒప్పుకోవాలి. లైసెన్సు లేని నాలాంటివాళ్ళు వెంట నడవొచ్చు గానీ తుపాకి పట్టుకోకూడదు. అందుకే ఆ పొద్దున కూడా గొట్టాన్ని కర్ర నుంచి విడదీసి, అడుగున మరలతో బిగించిన బిరడా తీసి, బల్లకున్న వైజు పట్టులో బిగించింది మెర్వే. నేను నా పరికరాలు మాత్రమే ఆనించాను.

ముందు అల్ట్రాసౌండ్. గొట్టం పొడవునా బాగానే ఉంది. అడుగు భాగంలో, రాగి టోపీ నిప్పు లోపలికి పోయే పక్క కన్నం దగ్గర, తెర మీద ఒక చిన్న గుట్ట లేచింది. అక్కడ మరలున్నాయి కాబట్టి వాటి వల్ల కూడా అలా కనిపించవచ్చు. అందుకని ఎర్రరంగు పరీక్ష మొదలుపెట్టాను. శుభ్రంగా తుడిచి, ఎర్రరంగు కొట్టి, పావుగంట ఆగాలి. పగులుంటే రంగు అందులోకి దిగుతుంది. పైది తుడిచేసి తెల్లటి పొడి కొడితే, దిగిన రంగు మళ్ళీ పైకి ఊరుతుంది.

ఆ పావుగంటలో డెబ్ టీ పెట్టి తెచ్చింది. అమ్మ ఈ ఆకులు చెక్కుతుంటే తను పక్కన కూర్చుని సాండ్‌పేపర్ పట్టేదాన్నని చెప్పింది. మెర్వ్ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు.

తుడిచాను. తెల్లపొడి కొట్టాను. అరనిమిషానికి కన్నం అంచు నుంచి ఒక ఎర్రటి వెంట్రుక బయటికొచ్చింది. చూస్తుండగానే గోరంత పొడవు సాగి, ఆగింది.

"పనిముట్టు గీసుకున్న గీతేమో" అంది డెబ్.

అయి ఉండవచ్చు. అందుకని మొత్తం కడిగి మొదటి నుంచి మళ్ళీ చేశాను. మళ్ళీ అదే చోట, అదే పొడవు. ఈసారి కెమెరా గొట్టంలోకి పంపాను. లోపలి గోడ మీద కూడా ఎర్రరంగు మరక ఉంది. అంటే పగులు ఆ పక్క నుంచి ఈ పక్కకు దిగింది. పేలిన ప్రతిసారీ మందు ఒత్తిడంతా తాకే చోటు అది. పేల్చేవాళ్ళ ముఖానికి జానెడు దూరం.

కెమెరా బయటికి లాగాను. ఆ కర్ర, ఆ ఆకులు, ఆ ఇద్దరు. ఫ్యాక్టరీలో అయితే ఎర్ర చీటీ అంటించి పక్క పైపుకి వెళ్ళిపోతాను.

"ఇది పగులే డెబ్. దీన్ని పేల్చకూడదు" అన్నాను.

"సగం మందు వేస్తే? ఒక్కసారి. ఒక్కటంటే ఒక్కసారి."

"పావు వేసినా వద్దు. మందు లేకుండా గోడకు పెట్టుకోవడానికి తప్ప ఈ గొట్టం ఇంక దేనికీ పనికిరాదు."

"మూడు వందల యాభై కిలోమీటర్లు వచ్చింది ఈ మాట చెప్పడానికా?" అంది. కప్పు బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయింది. రేకు తలుపు గోడకు కొట్టుకుంది. బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది.

నేను సామాను సర్దుతున్నాను. మెర్వ్ స్టూలు మీద కూర్చున్నారు.

"నాకు తెలుసు" అన్నారు.

అర్థం కాక చూశాను.

"ఆరు వారాలుగా తెలుసు సూబీ. శుభ్రం చేస్తుంటే గోరు తగిలింది. వెంటనే తెలిసిపోయింది. ఆ కన్నం అంచు నేను పదునుగా వదిలేశాను, గుండ్రంగా చెయ్యాల్సింది. పేల్చిన ప్రతిసారీ వేడినీళ్ళతో కడగాల్సింది, జోన్ పోయిన ఏడాది కడగలేదు. మందు మసి తేమ పీల్చి లోపల తిన్నది. తప్పంతా నాది. కూతురేమో పొద్దున లేస్తే అమ్మ తుపాకి, అమ్మ తుపాకి అంటోంది. నోరు రాలేదు."

"అందుకని నన్ను పిలిచారా?"

"నువ్వయితే ఉన్నది ఉన్నట్టు చెప్తావని."

నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చింది. ఆయన మొయ్యలేని మాట నా నెత్తిన పెట్టారనిపించింది. కాసేపు తీగలు చుట్టుకుంటూ ఉండిపోయాను. ఆ పెద్దాయన మాత్రం తలెత్తలేదు. మొదటి రోజు నాకు టార్చీ ఇచ్చిన చేతులు అవే, ఇప్పుడు మోకాళ్ళ మీద ఊరికే పడి ఉన్నాయి. నా కోపం ఎంతోసేపు నిలవలేదు.

"పగులుందని నేను చెప్పాను మెర్వ్. మీకు తెలుసన్న మాట మాత్రం మీరే చెప్పాలి" అన్నాను.

ఆయన తలూపారు.

సాయంత్రం ఆరింటికి డెబ్ తిరిగొచ్చింది. వంటింట్లో గుమ్మడికాయ సూపు, రొట్టె. నేను తెచ్చిన శనక్కాయల పొడి మెర్వ్ రొట్టె మీద చల్లుకుని దగ్గారు, మళ్ళీ చల్లుకున్నారు. తరవాత చెంచా కింద పెట్టి, నాతో చెప్పినదంతా కూతురికి చెప్పారు. ఒక్క ముక్క దాచలేదు.

డెబ్ చేతిలోని రొట్టె కింద పెట్టింది. "ఆరు వారాలా, నాన్నా?" అంది. ఆ తరవాత నావైపు తిరిగింది. "నిజంగా పేలితే ఏమవుతుంది? నాకు తెలియాలి."

అప్పుడు మా చిన్నాన్న సంగతి చెప్పాను. శనక్కాయ చేలో అడవిపందులు పడుతున్నాయని పక్కూరి నుంచి నాటు తుపాకి తెచ్చుకున్నాడు. జీపు స్టీరింగు రాడ్డుతో చేసిన గొట్టం. అడుగున సన్నగా చీలిక కనిపిస్తోందని పిన్ని చూపిస్తే, ఇచ్చినవాడు "ఒక్కసారికి ఏం కాదులే" అన్నాడు. ఆ ఒక్కసారికే ఎడమచేతి మూడు వేళ్ళు పోయాయి. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. పంచెకు చుట్టిన ఆ చేతిని ఎడ్లబండిలో నా ఒళ్ళో పెట్టుకుని కదిరి ఆసుపత్రి దాకా వెళ్ళాను.

"పగుళ్ళు వెతికే పని అందుకే ఎంచుకున్నావా?" అని అడిగింది డెబ్.

"తెలీదు. అలా ఎప్పుడూ అనుకోలేదు" అన్నాను. నిజంగానే అనుకోలేదు.

డెబ్ లేచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడి, నా భుజాల మీద రెండు చేతులూ వేసింది. "పొద్దున అలా వెళ్ళిపోయినందుకు క్షమించు" అంది. తండ్రి వైపు చూసి, "కర్రకు పగులు లేదు కదా?" అంది.

"కర్ర బంగారంలా ఉంది."

"అయితే గొట్టం కొత్తది చెయ్యి."

"ఈ చేతులతో ఏడాది పడుతుంది."

"నేనెక్కడికీ పోవడం లేదు" అంది డెబ్.

ఆదివారం వేట మాత్రం మానలేదు. మెర్వ్ దగ్గర ఇంకొక తుపాకి ఉంది. నల్లటి మొద్దు, ఏ చెక్కడమూ లేదు. దాన్ని కూడా శనివారమే పరీక్షించాను. దాని గొట్టంలో ఏ మచ్చా లేదు. తెల్లవారుతుండగా పక్క పొలం ఆసామి కంచె దగ్గర బండి ఆపాం. ఆయన ముందే ఒప్పుకున్నాడు. నాకొక నారింజ రంగు చొక్కా తొడిగారు. మెర్వ్ తుంటినొప్పితో లోయ అడుగునే ఒక దుంగ మీద కూర్చున్నారు. డెబ్ ముందు, పదడుగుల వెనక నేను. గడ్డి మీద మంచు గడ్డకట్టి కాలి కింద పొడి అవుతోంది. నోట్లోంచి పొగలు.

గంటన్నర నడిచాక డెబ్ చెయ్యెత్తింది. ఫెర్న్ మొక్కల అవతల, యాభై అడుగుల దూరంలో, మట్టి రంగు కణితి ఒకటి తలొంచి మేస్తోంది. వెనక మట్టిగట్టు ఉంది, గుండు తప్పినా అందులోకే పోతుంది. డెబ్ చెట్టుకి ఆనుకుంది. సుత్తి వెనక్కి లాగింది.

టప్.

అంతే. రాగి టోపీ పేలింది, లోపలి మందు అంటుకోలేదు. కణితి తలెత్తింది. మమ్మల్నిద్దర్నీ తీరిగ్గా చూసింది.

డెబ్ కదల్లేదు. తుపాకి మూతి గట్టువైపే ఉంచింది. ఇలాంటప్పుడు మందు లోపల నిదానంగా రాజుకుని ఆలస్యంగా పేలవచ్చు, కనీసం నిమిషం పాటు దించకూడదు. "లెక్కపెట్టు" అంది పెదవులు కదపకుండా. నేను గుసగుసగా లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇరవై దాటాక తెలిసింది, తెలుగులో లెక్కపెడుతున్నానని. ఆపితే లెక్క తప్పుతుందని అలాగే అరవై దాకా వెళ్ళాను. కణితి నలభై మూడు దగ్గర వెనక్కి తిరిగి, ఏ తొందరా లేకుండా ఫెర్న్‌లలోకి నడిచి వెళ్ళిపోయింది.

"అరవై" అన్నాను ఇంగ్లీషులో.

డెబ్ భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. రాగి టోపీ తీసేసి, తుపాకి మూతి దూరంగా పట్టుకుని, చెట్టుకి జారబడి కూర్చుని నవ్వింది. "అది నీ లెక్క విన్నది చూశావా? చివరిదాకా విని పోదామా వద్దా అని ఆలోచించింది!" నాకూ నవ్వు ఆగలేదు.

కిందికి దిగి చెప్తే మెర్వ్, "మంచుకి మందు తడిసింది. టోపీ దగ్గర తోలుముక్క కప్పమని చెప్పడం మర్చిపోయాను. ఇదీ నా తప్పే" అన్నారు. "ఇది ఎవరి తప్పూ కాదు నాన్నా, తడి మంచు" అంది డెబ్. మందు తీసేసి, తుపాకి ఖాళీ అని ఇద్దరూ విడివిడిగా చూసుకున్నాకే బండిలో పెట్టారు. నా లెక్కలో ఆ ప్రాంతంలో నేను చూసిన గొప్ప దృశ్యం అదే: తండ్రి చూసింది చాలదని కూతురు, కూతురు చూసింది చాలదని తండ్రి, ఖాళీ గొట్టంలోకి వంగి చూడటం.

పదకొండింటికి గుడ్లు, కాల్చిన టమాటాలు, మిగిలిన శనక్కాయల పొడి. ఆదివారం బస్సు లేదు. డెబ్ నన్ను బెయిర్న్స్‌డేల్ దాకా దింపింది, మెర్వ్ కూడా వచ్చారు. గంటన్నర దారిలో ఆయన వెనక సీట్లో కూర్చుని కొత్త గొట్టం సంగతే మాట్లాడారు. ఎలాంటి ఉక్కు, కన్నం అంచు ఎంత గుండ్రం, గాడుల మెలి ఎంత. ప్లాట్‌ఫాం మీద నా రెండు చేతులూ పట్టుకుని, "రంగు పూసే ముందు నువ్వు చూడాలి. నువ్వు సంతకం పెట్టాకే పూస్తాను" అన్నారు. నేను తలూపాను. పదకొండేళ్ళుగా ఆయనకు చెప్పాలనుకున్న కృతజ్ఞత చెప్పడానికి నోరు తెరిచేలోగా రైలు తలుపులు తెరుచుకున్నాయి. డెబ్ సంచి లోపల పెట్టి, నన్ను గట్టిగా కావలించుకుంది.

తిరుగు రైలు దాదాపు ఖాళీ. ఈ దారిన వెళ్ళేవారికి నా సలహాలు మూడు: వెళ్ళేటప్పుడు బస్సులో నది వైపు కూర్చోండి, శీతాకాలంలో చేతి తొడుగులు మర్చిపోకండి, ఎవరైనా అడవిలోకి రమ్మంటే వాళ్ళ లైసెన్సులు చూపించమని మొహమాటం లేకుండా అడగండి. మంచివాళ్ళు సంతోషంగా చూపిస్తారు.

ఈ దేశంలో నన్ను చాలామంది ఆదరించారు. పుట్టినరోజులకు పిలిచారు, కేకులు కోశారు, వీడ్కోలు కార్డుల మీద సంతకాలు పెట్టారు. మెర్వ్ మాత్రం తన ఇంట్లోని అతి కష్టమైన మాటను నా నోట వినాలనుకున్నారు. మనం నిజమే చెబుతామని నమ్మి ఒకరు ఇంటికి పిలవడం ఎంత పెద్ద ఆదరణో, వాళ్ళ షెడ్డులో ఆ ఎర్రగీత చూసినప్పుడు నాకు తెలియలేదు. రైల్లో ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు తెలిసింది.

ట్రారాల్గన్ దాటుతుండగా ఫోన్ మోగింది. డెబ్ పంపిన సందేశం. "ఇల్లు చేరాం. నాన్న కుర్చీలో కూర్చోగానే నిద్రపోయాడు, బూట్లు కూడా విప్పలేదు. గురక వంటింటి దాకా వినిపిస్తోంది. ఎన్నాళ్ళయిందో ఇది విని. థాంక్యూ, సూబీ."